ఐదో అమ్మాయి బకిల్

జ్ఞానప్రసూన ఏం ఉద్యోగం చేస్తుందో అమెరికాలోని పార్సిప్పనీలో ఆమె ఎరిగిన తెలుగువాళ్లలో ఒక్కరికీ సరిగ్గా తెలియదు. తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ఎవరైనా అడగబోతే భర్త మల్లికార్జునరావు చటుక్కున అందుకుని, "ఇమేజ్ ప్రాసెసింగ్ అండీ" అనేవాడు. అడిగినవాళ్లకి అది చాలు. తలాడించి గుత్తివంకాయ వైపు తిరిగేవాళ్లు. ఉన్న మాట చెప్పాలంటే ఆవిడ పాత సినిమాలకి దుమ్ము తుడుస్తుంది. ఆ మాట నలుగురిలో అనడానికి ఆయనకి నామోషీ. ఆ ఇంట్లో నామోషీ ఆయనొక్కడికే ఉందనుకుంటే పొరపాటు. ఈ కథంతా ఆవిడ నామోషీ గురించే.

దుమ్ము తుడవడమంటే చీపురు పుచ్చుకుని కాదు. డెబ్బై ఏళ్ల కిందటి ఫిలిం నెగటివ్‌ని స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు. ఒక్కో బొమ్మ మీద వెంట్రుకలు, గీతలు, బూజు మచ్చలు, ఎవడో ఎప్పుడో నిర్లక్ష్యంగా పెట్టిన వేలిముద్ర. చాలామటుకు సాఫ్ట్‌వేరే తుడిచేస్తుంది. కాకపోతే దానికి మంచీచెడ్డా తెలియదు. మచ్చతోపాటు ముక్కుపుడక కూడా తుడిచేస్తుంది. అందుకని ఒక మనిషి కూర్చుని ఫ్రేము తర్వాత ఫ్రేము చూసుకుంటూ పోవాలి. ఏడేళ్లుగా ఆ మనిషి ప్రసూన.

ఆ వర్క్‌షాపు యజమాని గ్రెగ్. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. పనిలోకి వచ్చినవాళ్లకి మొదటి రోజు ఒకే సూత్రం చెబుతాడు: ఫిలిం మీద పడ్డది తుడవచ్చు, కెమెరా ముందు పడ్డది ముట్టుకోకూడదు. నటుడి చొక్కా మీద కూర మరక ఉంటే అది ఉండాల్సిందే. మనం తుడిచేవాళ్లమేగాని దిద్దేవాళ్లం కాదు. ప్రసూనకి ఈ సూత్రం కంఠతా వచ్చు. కొత్తగా చేరినవాళ్లకి ఆమే చెప్పేది.

ఆ ఉద్యోగం ఆమెకి దొరికిన తీరు కూడా చెప్పాలి. బందరు పిల్ల. ఏడో ఏట నుంచి కూచిపూడి నేర్చుకుంది. పెళ్లయి ఇక్కడికి వచ్చాక డిపెండెంట్ వీసా మీద పదేళ్లు ఇంట్లో కూర్చుంది. చేతికి వర్క్ పర్మిట్ వచ్చేసరికి నలభై దగ్గరపడింది. అందరూ చెప్పారు కదా అని కోడింగ్ కోర్సులో చేరి మూడు నెలలు కుస్తీపట్టి వదిలేసింది. కూతురు తన్వి స్కూల్లో పరిచయమైన ఒకావిడ చెబితే గ్రెగ్ దగ్గరికి వెళ్లింది. ఆయన శుభ్రం చేసిన ఒక డాన్స్ ముక్క చూపించి, ఇందులో తప్పేమైనా ఉందా అని అడిగాడు. "ఆ అమ్మాయికి ఒక ఫ్రేములో చిటికెనవేలు లేదు" అంది ప్రసూన. హస్తముద్రలు దిద్దించుకుని పెరిగిన కన్నది. సాఫ్ట్‌వేర్ ఆ వేలిని గీత అనుకుని మింగేసిందని గ్రెగ్‌కి తెలుసుగాని, అంత త్వరగా పట్టుకున్నవాళ్లు అంతకుముందు లేరు. సోమవారం నుంచి రమ్మన్నాడు.

మూడేళ్ల కిందట వాళ్లకి ఒక పాత హాలీవుడ్ డాన్స్ మ్యూజికల్ వచ్చింది. అప్పట్లో ఊళ్లకి ఊళ్లు విరగబడి చూసిన రంగుల సినిమా. సరికొత్తగా శుభ్రం చేసి, ఇంట్లో చూసుకునేందుకు ఫోర్‌కే డిస్క్‌గా తెద్దామని ఒక కంపెనీ పూనుకుంది. ఆఖరి రీలు ప్రసూన వంతు. అందులో పెద్ద డాన్స్ ఉంది. అద్దంలా మెరిసే నల్లటి నేల మీద ఇరవై నలుగురు అమ్మాయిలు. అందరికీ ఒకటే బంగారు రంగు విగ్గు, ఒకటే గౌను, వెండి రంగు షూలు. కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు, అలా తయారుచేశారు.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం ఆమెకది కనిపించింది. వెనక వరసలో ఎడమ నుంచి ఐదో అమ్మాయి కాలు విసిరినప్పుడు షూ పట్టీ బకిల్ ఊడి ఎగిరింది. నేల మీద పడి, తళుక్కుమంటూ దొర్లి, ముందు వరసవాళ్ల గౌన్ల చాటుకి పోయింది. లెక్కపెడితే పందొమ్మిది ఫ్రేములు. సెకను కూడా లేదు. దుమ్ము కాదని చూడగానే తెలిసింది. కెమెరా ముందు పడ్డదే. ముట్టుకోకూడదు.

ప్రసూన కుర్చీలో వెనక్కి వాలింది. పదహారో ఏట బందరు టౌన్‌హాల్లో తన రంగప్రవేశం కళ్లముందుకి వచ్చింది. జతి మంచి ఊపులో ఉండగా కుడికాలి గజ్జెల తాడు తెగి మువ్వలు స్టేజీ మీద చెల్లాచెదురుగా దొర్లాయి. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, పిల్ల ఆగిపోయింది. మృదంగం వాయించే ఆయన కానీ, కానీ అంటున్నా కాళ్లు కదల్లేదు. తెర దించేశారు. ఆ తర్వాత ఆమె మళ్లీ స్టేజీ ఎక్కలేదు. అమెరికాలో తెలుగు అసోసియేషన్ వాళ్లు ఎన్నిసార్లు అడిగినా మోకాలి నొప్పి అని తప్పించుకుంది.

వాళ్ల మాస్టారు నేర్పిన ఒక మర్యాద ఉండేది. నలుగురు కలిసి ఆడుతుంటే ఒకరి గజ్జె రాలినా, జడలో పువ్వు రాలినా, పక్కనున్న పిల్ల అడుగేసే నెపంతో దాన్ని కాలితో తెర చాటుకి నెట్టెయ్యాలి. తోటిపిల్ల పరువు కాపాడాలి. రంగప్రవేశం నాడు ప్రసూన ఒక్కతే ఆడింది గనక నెట్టడానికి పక్కన ఎవరూ లేకపోయారు. ఈ పిల్లకి నేనున్నాను అనుకుంది. పాపం, ఎంత కుమిలిపోయి ఉంటుందో, డెబ్బై ఏళ్లుగా ఈ బకిల్ లోకమంతా దొర్లుతూనే ఉంది అనుకుంది. ముందు వెనక ఫ్రేముల్లోంచి నల్లటి నేల తెచ్చి అతికిస్తూ, పందొమ్మిది ఫ్రేముల్లోనూ బకిల్‌ని చెరిపేసింది. లాగ్‌లో, ప్రతి మార్పుకీ కారణం రాయాల్సిన గడిలో 'దుమ్ము' అని కొట్టింది. ఆ సాయంత్రం ఇంటికి డ్రైవ్ చేస్తూ కూనిరాగం కూడా తీసింది. చెప్పడానికే సిగ్గుగా ఉన్న సంగతేమిటంటే, ఏడాది పైచిలుకు ఆమె దాన్ని తను చేసిన పుణ్యకార్యాల్లో ఒకటిగా లెక్కేసుకుంది.

డిస్క్ విడుదలైంది. దానితో వచ్చిన చిన్న పుస్తకంలో చీమతలకాయంత అక్షరాల్లో ఆమె పేరు వేశారు. దెబ్బకి మల్లికార్జునరావు నామోషీ ఎగిరిపోయింది. నాలుగు కుటుంబాలని పిలిచి, మిర్చిబజ్జీలు పెట్టి, సినిమా వేసి, పేరున్న పేజీ అందరికీ చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆఖరి డాన్స్‌లో నేల తళతళలాడుతూ మచ్చ లేకుండా ఉంది.

ఫిబ్రవరిలో ఈమెయిల్ వచ్చింది. రాసినావిడ పేరు బెత్. పక్క ఊరే, డోవర్. వాళ్ల అమ్మమ్మ లొరెయిన్‌కి ఆ సినిమా తీసేనాటికి పందొమ్మిదేళ్లు. అందులో ఆడింది. ఆడిన ఒకే ఒక్క సినిమా. ఇరవై నలుగురిలో తను ఎవరో చెప్పడానికి ఆవిడకి ఉన్న గుర్తు ఒకటే, కాలి నుంచి ఎగిరిపడే బకిల్. ఇంట్లో ఉన్న పాత వీడియో టేపు బెత్ చిన్నప్పుడే పాడైపోయింది. కొత్త డిస్క్ వస్తోందని తెలిసి ముసలావిడ రోజులు లెక్కపెట్టుకుంది. తొంభై ఒకటో పుట్టినరోజుకి మనవలు, మునిమనవలు అందరూ టీవీ ముందు చేరారు. 'ఇదిగో, ఇప్పుడు చూడండి, అది నేను' అంది. ఏమీ రాలేదు. వెనక్కి తిప్పి ఆరుసార్లు చూశారు. ఏడోసారి వద్దని ఆవిడే అంది. దీని గురించి మీరేమైనా చెప్పగలరా అని బెత్ మర్యాదగా అడిగింది.

గ్రెగ్ ఆ ఈమెయిల్ ప్రింట్ తీసుకుని ప్రసూన టేబుల్ దగ్గరికి వచ్చాడు. "ఇది నీ రీలు. అక్కడ ఏమైనా ఉండేదా?"

ప్రసూన చదివింది. చెప్పెయ్యడానికి ఇంతకంటే మంచి అదను మళ్లీ రాదని ఆ క్షణంలోనే తెలుసు. కాని నోరు దాని దారిన అది కదిలింది. "లేదే. నేనేం చూడలేదు."

గ్రెగ్ లాగ్ తెరవలేదు. స్కాన్ తీసి చూడలేదు. ఆమె చూడలేదంటే లేనట్టే, అంత నమ్మకం. ఆ మధ్యాహ్నమే జవాబు రాసి ఆమెకీ కాపీ పెట్టాడు. మా దగ్గర అందరికంటే నిశితంగా చూసే మనిషి ఆ రీలు చూసింది, నెగటివ్‌లో అలాంటిదేమీ లేదు, ఇన్నేళ్ల తర్వాత జ్ఞాపకాలు ఒక్కోసారి తికమక పెడతాయి అని రాశాడు. నిశితంగా చూసే మనిషి ఆ వాక్యం నాలుగుసార్లు చదువుకుని, బాత్రూంలోకి వెళ్లి మొహం కడుక్కుని వచ్చి, మరో సినిమా దుమ్ము తుడవడం మొదలుపెట్టింది. ఒకరి సిగ్గు కప్పిపుచ్చానని మురిసిన మనిషి తన సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి కిక్కురుమనకుండా కూర్చుంది.

నెలకి బెత్ నుంచి కృతజ్ఞతలు వచ్చాయి. మీ జవాబు మాకెంతో సాయపడింది అని రాసింది. అమ్మమ్మ ఈ మధ్య కొన్ని మరిచిపోతోందని అనుమానంగా ఉండేది, ఎటూ తేల్చుకోలేకపోయాం, డాక్టర్‌కి మీ ఈమెయిల్ కూడా చూపించాం. ఆవిడ ఉంటున్న వృద్ధుల హోమ్‌లోనే జ్ఞాపకశక్తి తగ్గినవాళ్ల అంతస్తుకి మార్చాం. అక్కడ తలుపులకి కోడ్ ఉంటుంది కాబట్టి బయటికి వెళ్లి తప్పిపోతుందన్న భయం లేదు. గ్రెగ్ దాన్ని ప్రసూనకి పంపుతూ పైన 'పాపం' అని ఒక్క ముక్క రాశాడు.

ఆ శనివారం ఇండియన్ స్టోర్ నుంచి వస్తూ కార్‌లో భర్తకి చెప్పింది. మొదటి నుంచీ చెప్పింది. మల్లికార్జునరావు సిగ్నల్ దగ్గర ఆగి, తల రుద్దుకున్నాడు.

"ఇప్పుడేం చేద్దామని? డిస్క్ వచ్చేసింది, అందరూ కొనేశారు. నువ్వు చెప్తే వెనక్కి వస్తుందా? నీ వర్క్ పర్మిట్ రెన్యువల్ పెండింగ్‌లో ఉంది. జాబ్ పోతే మళ్లీ ఎవరిస్తారు ఇలాంటిది? కదపకు ప్రసూనా."

"ఏవండీ, ఆవిణ్ని తాళం వేసిన ఫ్లోర్‌లో పెట్టారండీ."

"నువ్వు పెట్టావా?"

"నేనే పెట్టాను."

వెనక సీట్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఉందనుకున్న తన్వి ముందుకి వంగింది. "అమ్మా, గ్రెగ్ అంకుల్‌కి నువ్వు లై చేశావా?" పధ్నాలుగేళ్ల పిల్ల. ఆ అడగడంలో ఎత్తిపొడుపేమీ లేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. ప్రసూనకి తల కొట్టేసినట్టయింది. అవునని చెప్పి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

సోమవారం పొద్దున గ్రెగ్ కోటు విప్పకముందే చెప్పేసింది. ఆయన లాగ్ తెరిచాడు. పందొమ్మిది వరసలు, పందొమ్మిదింటి పక్కనా ఆమె పేరు, 'దుమ్ము' అన్న మాట. ఒక్కో వరస మీద వేలు పెట్టి ఆఖరిదాకా చదివాడు. కేకలేస్తాడని ఆమె కాచుకుని ఉంది. కేకలేస్తే కొంత నయంగా ఉండేది.

"నిన్ను అడిగాను కదా" అన్నాడు. ఆ పందొమ్మిది ఫ్రేములూ అసలు స్కాన్‌లోంచి తీసి పెద్దగా ప్రింట్ చెయ్యమన్నాడు. డిస్క్ కంపెనీకి తను ఉత్తరం రాస్తానన్నాడు. ఆ కుటుంబం దగ్గరికి నేనే వెళతానని ప్రసూన అంటే సరేనన్నాడు. నీ ఉద్యోగం సంగతి ఆ తర్వాత మాట్లాడదాం అని తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఎప్పుడూ తెరిచి ఉండే తలుపది.

ఆదివారం మధ్యాహ్నం హోమ్ దగ్గర బెత్ ఎదురొచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి, అలసిపోయిన మొహం. సినిమా బాగుచేసినవాళ్లు అమ్మమ్మని చూడ్డానికి వస్తున్నారని సంబరపడుతోంది. విషయం లొరెయిన్ ఎదుటే చెబుతానని ప్రసూన ఫోన్‌లో అన్నప్పుడు బెత్‌కి వేరేలా అర్థమైంది కాబోలు, ఒక పూలగుత్తి కూడా తెచ్చి ప్రసూన చేతిలో పెట్టింది. మూడో అంతస్తులో తలుపు దగ్గర బెత్ నాలుగు అంకెలు నొక్కింది. తలుపు తెరుచుకుని, వాళ్లు లోపలికి వెళ్లగానే వెనక టక్కున పడింది. ఆ చప్పుడుకి ప్రసూన వెనక్కి తిరిగి చూసింది.

లొరెయిన్ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. చిన్న మనిషి. చేతుల మీద చర్మం పల్చటి కాగితంలా ఉందిగాని వెన్ను మాత్రం నిటారుగా ఉంది. "నువ్వేనా ఆ సినిమా శుభ్రం చేసింది?" అని అడిగింది. ఆ గొంతులో తడబాటు లేదు. ఈ మనిషికా మతి తప్పిందని రాయించాను అనుకుంది ప్రసూన. మొహం ఎత్తలేకపోయింది.

"నేనేనండీ. మీ బకిల్ తీసేసింది కూడా నేనే."

కూర్చోకుండానే, పూలగుత్తి ఇంకా చేతిలోనే ఉండగా, మొత్తం చెప్పింది. చెరిపేశానని, చెరిపి దుమ్మని రాశానని, అడిగితే లేదన్నానని. దాచుకోకుండా చెప్పింది. తర్వాత సంచిలోంచి కాగితాలు తీసి మంచం మీద వరసగా పరిచింది. లొరెయిన్ కుర్చీ చేతులు పట్టుకుని లేచి వచ్చింది. ఒక్కో కాగితం మీద వేలు పెట్టి, "ఇదిగో" అంది. "ఇదిగో. ఇదిగో." పందొమ్మిదింటి మీదా పెట్టింది. బెత్ గోడకి ఆనుకుని రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఎందుకు తీశావు?" అంది ముసలావిడ.

"మీకు సిగ్గుగా ఉంటుందనుకున్నాను."

"ఎవరికి, నాకా?" లొరెయిన్ నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఆ షాట్ పదమూడు సార్లు తీశారు. ఇది పదమూడోది. బకిల్ పోయింది, షూ జారిపోతోంది. కాలి వేళ్లు ముడుచుకుని దాన్ని పట్టుకుని మిగిలిన డాన్సంతా ఆడాను. ఆగలేదు. అయ్యాక డాన్స్ డైరెక్టర్ మా అందరి ముందు నా దగ్గరికి వచ్చి, ఇదే ఉంచుదాం అన్నాడు. ఆ స్టూడియోలో నాతో ఎవరైనా అన్న మంచిమాట అదొక్కటే. నాకు సిగ్గెందుకు?"

ఆ పందొమ్మిది ఫ్రేములు ప్రసూన రెండొందల సార్లయినా చూసి ఉంటుంది. బకిల్‌నే చూసింది. బకిల్ పోయాక ఆ పిల్ల కాలు ఏం చేసిందో ఒక్కసారి కూడా చూడలేదు. చిటికెనవేలు లేకపోతే పట్టుకున్న కన్ను, తోటి నర్తకి ఆగలేదన్న సంగతి పట్టుకోలేకపోయింది. తను ఆగిపోయింది గనక లోకంలో అందరూ ఆగిపోతారనుకుంది. సిగ్గుతో చెవులు మండిపోయాయి. ఈ సిగ్గు మునుపటిదాని కంటే పెద్దది.

లొరెయిన్ మనవరాలి వైపు తిరిగింది. "అయితే ఇంక నేను నా గదికి పోవచ్చా?"

బెత్ కళ్లు తుడుచుకుంది. "ఆ గదిలోకి వేరేవాళ్లు వచ్చేశారు గ్రాండ్‌మా. నేను మాట్లాడతాను. డాక్టర్‌తో మాట్లాడతాను, ఆఫీసులో అడుగుతాను. టైమ్ పడుతుంది."

"ఎంత?"

బెత్ తల అడ్డంగా ఊపింది. ప్రసూన రెండు చేతులూ జోడించింది. అమెరికా వచ్చాక గుడిలో తప్ప ఎక్కడా జోడించని చేతులు. "నన్ను క్షమించండి" అంది.

"అది తర్వాత చూద్దాం" అంది లొరెయిన్. "బకిల్ ఉందని నీకు తెలుసు, నాకు తెలుసు. తెలియనివాళ్లు అక్కడున్నారు. నెల రోజులుగా నేను ఆ మాట ఎత్తితే చాలు, భుజం తట్టి జ్యూస్ ఇస్తున్నారు. పద, వాళ్లకి చెప్పు."

కాగితాలు తనే పోగుచేసి చంకలో పెట్టుకుని, ప్రసూన మోచెయ్యి పట్టుకుని నడిపించింది. వరండా చివర పెద్ద హాలు. టీవీ ముందు, కిటికీల దగ్గర ఇరవై మంది దాకా ముసలివాళ్లు. కొందరు నిద్రలో తూగుతున్నారు. ఒకాయన నేప్కిన్‌ని మడతలు పెట్టి, విప్పి, మళ్లీ పెడుతున్నాడు. బల్ల దగ్గర ఇద్దరు నర్సులు. లొరెయిన్ రిమోట్ తీసుకుని టీవీ కట్టేసింది. నర్సులు తలెత్తారు.

స్టేజీ భయం ఎలా ఉంటుందో ప్రసూనకి ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ తెలిసింది. ఇక్కడున్నవాళ్లలో సగం మందికి భోజనాల వేళకి ఇదేదీ గుర్తుండదు. ఆ మాట తలపుకి రాగానే ఆమెకి ఒక్క క్షణం తేలిగ్గా అనిపించింది, అలా అనిపించినందుకు మళ్లీ తలదించుకుంది.

"నా పేరు జ్ఞానప్రసూన" అంది. "లొరెయిన్ గారు చెప్పింది నిజం. సినిమాలో బకిల్ ఉంది. నేనే తీసేశాను. తీసేసి, లేదని అబద్ధం చెప్పాను."

నర్సుల్లో చిన్నామె చేతిలో ఉన్న జ్యూస్ గ్లాసు మెల్లిగా బల్ల మీద పెట్టింది.

లొరెయిన్ ఆమె మోచెయ్యి వదల్లేదు. "ఆ తలుపు దగ్గర కూర్చున్నావిడకి చెవులు సరిగ్గా వినపడవు" అంది. "దగ్గరికి వెళ్లి చెప్పు."

ప్రసూన తలుపు దగ్గరికి వెళ్లి, ఆ ముసలావిడ కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మొదటి నుంచీ మళ్లీ చెప్పింది.